రెండు సాకెట్ల సర్వర్‌తో ఫ్లోటింగ్ పాయింట్ రేట్ కొలవడం: బరంపురం లాంటి ఊళ్లో, మామూలు గదిలో, మొదటి నుంచి చివరి దాకా

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, ఎక్కడ చూసినా ఇంజనీరింగ్ చదివిన మన తెలుగు పిల్లలు ఉన్నారు. పెద్ద ఊళ్ల డేటా సెంటర్లు వదిలించుకున్న పాత సర్వర్లు చవగ్గా దొరుకుతున్నాయి కాబట్టి ఎవరో ఒకరు ఒకటి కొని ఇంట్లో పెట్టుకుని "అన్నా, ఇది ఎన్ని గిగాఫ్లాప్స్ ఇస్తుంది?" అని అడుగుతూనే ఉంటారు. గిగాఫ్లాప్స్ అంటే సెకనుకి ఎన్ని వందల కోట్ల దశాంశ సంఖ్యల (ఫ్లోటింగ్ పాయింట్) లెక్కలు చేస్తుందన్నది. రేట్ అంటే ఒకే ప్రోగ్రామ్‌ని కోర్‌కి ఒక కాపీ చొప్పున ఒకేసారి నడిపి, మొత్తం ఎంత పని అయిందో చూడడం. ఆ ప్రశ్నకి ఒకటే జవాబు ఉండదు. అదే మెషీన్, అదే రోజు, ఒక ప్రోగ్రామ్‌లో 10 ఇస్తుంది, ఇంకో ప్రోగ్రామ్‌లో 850 ఇస్తుంది, రెండూ నిజమే. ఎందుకో తెలిస్తే ఏ సెట్టింగ్ ముట్టుకోవాలో, ఏది వదిలేయాలో మీకే తెలుస్తుంది. అందుకే మెషీన్ ఆన్ చేసే ముందు కాగితం, పెన్ను తీసుకోండి.

ముందు లెక్క

ఉదాహరణకి సెకండ్ హ్యాండ్‌లో బాగా తిరిగే ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4 చిప్పులు రెండు, ఒక్కో సాకెట్‌లో (చిప్ కూర్చునే చోటు) ఒకటి చొప్పున ఉన్న బోర్డు తీసుకుందాం. ఒక్కో చిప్‌లో 14 కోర్లు, బేస్ స్పీడు 2.4 గిగాహెర్ట్జ్, ఎల్3 క్యాష్ 35 ఎంబీ, 120 వాట్లు. ఈ తరం చిప్పులో ఒకే దెబ్బకి చాలా సంఖ్యల మీద లెక్క చేసే ఏవీఎక్స్2 ఉంటుంది. 256 బిట్ల రిజిస్టర్‌లో 4 డబుల్ ప్రెసిషన్ (64 బిట్ల) సంఖ్యలు పడతాయి, గుణించడం, కూడడం ఒకేసారి చేసే ఎఫ్ఎంఏ రెండు లెక్కల కింద వస్తుంది, అలాంటి యూనిట్లు కోర్‌కి రెండు. 4 × 2 × 2 అంటే క్లాక్‌కి 16 లెక్కలు.

2 సాకెట్లు × 14 కోర్లు × 2.4 × 16 = 1075.2 గిగాఫ్లాప్స్. ఇది కాగితం మీది గరిష్టం.

ఇప్పుడు మెమరీ వైపు. డీడీఆర్4-2400 ర్యామ్ ఒక్కో ఛానెల్ సెకనుకి 19.2 జీబీ ఇస్తుంది, సాకెట్‌కి నాలుగు ఛానెల్స్, అంటే 76.8, రెండు సాకెట్లకి 153.6 జీబీ.

1075ని 153.6తో భాగిస్తే సుమారు 7. అంటే ర్యామ్ నుంచి తెచ్చుకున్న ఒక్కో బైటుకి కనీసం 7 లెక్కలైనా చేయని ప్రోగ్రామ్ ఏదైనా సరే, కోర్లు ఎంత గట్టివైనా, మెమరీ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది. పెళ్లి వంటశాలలో 28 మంది వంటవాళ్లని పెట్టి, నీళ్లకి ఒకటే కుళాయి ఇచ్చినట్టు. ఈ 7 అన్న అంకె గుర్తు పెట్టుకోండి, కింద చెప్పే ప్రతి మెట్టులో ఇదే పనికొస్తుంది. మీ చిప్ వేరే అయితే మీ అంకె వేరు, లెక్క మాత్రం ఇదే. ఏవీఎక్స్-512 యూనిట్లు రెండున్న జియాన్లలో క్లాక్‌కి 32 వేసుకోవాలి.

కరెంటు, వేడి

దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు, కానీ మా వైపు ఇదే మొదట తేల్చుకోవాలి. రెండు చిప్పులకే 240 వాట్లు, దానికి ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులు కలిస్తే ఫుల్ లోడ్‌లో 400 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది, అదీ గంటల తరబడి ఆగకుండా. 16 యాంపుల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉన్న లైన్ ఇవ్వండి. మా ఎలక్ట్రీషియన్ ఒడియా ఆయన, తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు. గది చూసి "ఆజ్ఞా (మన అయ్యా లాంటి మాట), ఏసీకి పెట్టిన లైను దీనికి ఇచ్చేస్తే మరి ఏసీ ఎక్కడ పెడతారు?" అన్నాడు. సరైన ప్రశ్నే. ఏసీకి, సర్వర్‌కి వేరువేరు లైన్లు ఉండాలి, ఎందుకంటే రెండూ ఒకేసారి తిరగాల్సినవే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా చాలదా అంటే, అది ప్యూర్ సైన్ వేవ్‌దో కాదో చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో సర్వర్ పవర్ సప్లైలకి సరిగ్గా పడదు. సైన్ వేవ్‌దే అయితే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి ఉంచండి, లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే మెషీన్ రీబూట్ అయిపోవచ్చు. ఫుల్ రన్ రాత్రంతా నడుస్తుంది, మధ్యలో కరెంటు పోతే మొదటికొచ్చినట్టే. వైశాఖంలో ఈదురుగాలి వచ్చిన సాయంత్రం మాత్రం రన్ మొదలుపెట్టకండి, అంతకన్నా చెప్పేదేం లేదు.

గది వేడి గురించి: మామూలు సర్వర్లు లోపలికి పీల్చుకునే గాలి 35 డిగ్రీల సెల్సియస్ దాటకూడదన్న లెక్కతో తయారవుతాయి. ఏప్రిల్, మేలో మా గదుల్లో ఏసీ లేకపోతే మధ్యాహ్నం అది ఇట్టే దాటుతుంది. దాటినా మెషీన్ ఆగిపోదు, అదే అసలు ఇబ్బంది. చప్పుడు చేయకుండా క్లాక్ తగ్గించుకుని నడుస్తుంది, మీకు తక్కువ అంకె వస్తుంది, మీరేమో కంపైలర్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. కాబట్టి రాత్రి పెట్టండి, ఏసీ ఒకే టెంపరేచర్‌లో ఉంచండి, ఐపీఎంఐ టూల్‌తో (సర్వర్ సెన్సర్లని చదివే ప్రోగ్రామ్) ఇన్‌లెట్ టెంపరేచర్‌ని, అంటే లోపలికి వెళ్లే గాలి వేడిని, రన్ పొడవునా ఫైల్‌లోకి రాయించండి. పాత మెషీన్ అయితే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, కొన్న రోజే మార్చేయడం మంచిది. సముద్రం గాలి తగిలే ఇళ్లలో దుమ్ము తడిసి హీట్ సింక్‌కి పట్టేస్తుంది, అదీ ఓసారి బ్లోయర్ పెట్టి ఊదించండి.

ర్యామ్ ఎలా పెట్టాలి

పాత సర్వర్ అమ్మేవాళ్లు "128 జీబీ ఉంది" అంటారు, ఎన్ని స్టిక్స్‌గా ఉందో చెప్పరు. 32 జీబీ స్టిక్స్ నాలుగు అయితే సాకెట్‌కి రెండు ఛానెల్సే నిండుతాయి, మీ 153.6 కాస్తా 76.8 అయిపోతుంది. 16 జీబీవి ఎనిమిది ఉంటే ఛానెల్‌కి ఒకటి చొప్పున సరిగ్గా సరిపోతుంది. అదే 128, కానీ రెట్టింపు వేగం. మెషీన్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, కోర్ల సంఖ్య కాదు.

ఒక్క 2133 స్టిక్ కలిసినా మొత్తం ర్యామ్ ఆ వేగానికే దిగుతుంది. మూత మీద వేసిన బొమ్మ ప్రకారం ఏ స్లాట్లు ముందు నింపాలో చూసి నింపండి. ఆ తర్వాత లినక్స్‌లో డీఎంఐ డీకోడ్ అన్న కమాండ్‌తో మెమరీ వివరాలు తీసి, రేటెడ్ స్పీడు కాకుండా కాన్ఫిగర్డ్ స్పీడు అన్న వరుసలో ఎంతుందో చూడండి. వాడిన స్టిక్స్ కాబట్టి రాస్‌డీమన్ లాంటిది పెట్టి ఈసీసీ (ర్యామ్ తప్పులని పట్టుకుని సరిచేసే ఏర్పాటు) సరిదిద్దిన తప్పులు పేరుకుంటున్నాయేమో గమనించండి. పేరుకుంటుంటే ఆ స్టిక్ తీసేయడమే.

బయోస్

ఇక్కడ పదుల కొద్దీ ఆప్షన్లు ఉంటాయి. వాటిలో నిజంగా తేడా చూపేవి నాలుగైదే.

నోడ్ ఇంటర్‌లీవింగ్ డిసేబుల్ చేయాలి. ఇది ఎనేబుల్‌లో ఉంటే రెండు సాకెట్ల ర్యామ్‌ని కలిపేసి ఒకటే ముద్దగా చూపిస్తుంది, ఏ కాపీ ఏ మెమరీ వాడుతోందో మన చేతిలో ఉండదు, సగం డేటా పక్క సాకెట్ నుంచి రావాల్సి వస్తుంది. మనం చేయబోయే బైండింగ్ (ప్రతి కాపీని ఒక కోర్‌కి, దాని దగ్గరి ర్యామ్‌కి కట్టేయడం) అంతా దీంతోనే వృథా.

క్లస్టర్ ఆన్ డై అన్న ఆప్షన్ ఈ తరం జియాన్లలో స్నూప్ మోడ్ కింద ఉంటుంది. అది వేస్తే ఒక్కో సాకెట్ రెండు నూమా నోడ్లుగా (కొన్ని కోర్లు, వాటికి దగ్గరి ర్యామ్ కలిసిన గుంపు ఒక నోడ్), మొత్తం నాలుగుగా కనబడుతుంది, నోడ్‌కి 7 కోర్లు. రేట్ పరీక్షలో ప్రతి కాపీ తన పని తానే చూసుకుంటుంది, పక్కవాడితో మాట్లాడదు, కాబట్టి మెమరీ దగ్గరగా ఉండే ఈ పద్ధతి సాధారణంగా లాభమే. కొత్త ఇంటెల్ చిప్పుల్లో దీన్నే సబ్ నూమా క్లస్టరింగ్ అంటారు, ఏఎండీ ఎపిక్‌లో ఎన్‌పీఎస్ అని ఉంటుంది, అక్కడ 4 పెట్టి చూడండి.

పవర్ ప్రొఫైల్ మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్, టర్బో ఆన్, ప్రీఫెచర్లు (డేటాని ముందే తెచ్చి పెట్టేవి) అన్నీ ఆన్. హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్‌ని రెండుగా చూపించేది) మొదట ఆఫ్ చేయండి, దాని సంగతి చివర్లో మళ్లీ చూద్దాం. సీ-స్టేట్ల మీద కొందరు పూటంతా గడుపుతారు, అన్ని కోర్లూ వంద శాతం పని చేస్తున్నప్పుడు నిద్రపోయే కోర్ ఎక్కడుంది? వదిలేయండి.

లినక్స్

ఉబుంటు సర్వర్ అయినా, రాకీ లినక్స్ అయినా పర్లేదు, డెస్క్‌టాప్ మాత్రం వద్దు. ట్యూన్డ్ ప్యాకేజీ వేసి త్రూపుట్ పెర్ఫార్మెన్స్ ప్రొఫైల్ పెడితే గవర్నర్‌తో (క్లాక్ స్పీడుని నిర్ణయించేది) సహా సగం పని అయిపోతుంది. మిగిలినవి చేత్తో చేయాలి.

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్‌ని (మెమరీని పెద్ద పెద్ద పేజీలుగా ఇచ్చేది) ఆల్వేస్‌లో పెట్టండి. కెర్నల్ నూమా బ్యాలెన్సింగ్‌ని సున్నా చేయండి, మనమే కాపీలని కోర్లకి కట్టేస్తున్నాం కాబట్టి కెర్నల్ పేజీలని అటూ ఇటూ మార్చాల్సిన పని లేదు. స్వాప్ ఆఫ్ చేయండి. మెమరీ చాలకపోతే ప్రోగ్రామ్ చచ్చిపోవడమే మేలు, మెల్లగా డిస్క్ మీద పాకుతూ తప్పు అంకె ఇవ్వడం కన్నా. యూలిమిట్‌లో స్టాక్ సైజ్ అన్‌లిమిటెడ్ చేయండి, ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు కొన్ని స్టాక్ మీద పెద్ద పెద్ద అర్రేలు పెడతాయి, ఇది మర్చిపోతే మొదలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ ఇచ్చి పోతాయి. ప్రతి రన్‌కి ముందు డ్రాప్ క్యాషెస్‌కి 3 రాసి ఫైల్ క్యాష్ ఖాళీ చేయండి.

స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అన్న ప్రాసెసర్ భద్రతా లోపాలకి పెట్టిన రక్షణలు తీసేస్తే వేగం పెరుగుతుందని చెబుతుంటారు. అవి సిస్టమ్ కాల్స్ ఎక్కువ చేసే పనుల్లో కనబడతాయి, లెక్కలు చేసుకుంటూ పోయే ప్రోగ్రాముల్లో తేడా దాదాపు ఉండదు. ఉంచేయండి.

ఇప్పుడు ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌ని -e ఆప్షన్‌తో నడిపి ఏ సీపీయూ నంబర్ ఏ సాకెట్‌లో, ఏ నోడ్‌లో ఉందో పట్టిక చూడండి. కొన్ని బోర్డుల్లో 0 నుంచి 13 మొదటి సాకెట్, 14 నుంచి 27 రెండోది. కొన్నిట్లో సరిసంఖ్యలన్నీ ఒక సాకెట్, బేసివన్నీ ఇంకోటి. ఇది తెలియకుండా బైండింగ్ రాస్తే తలకిందులవుతుంది.

మొదటి కొలత: స్ట్రీమ్

జాన్ మెక్‌కాల్పిన్ రాసిన స్ట్రీమ్ చిన్న సీ ప్రోగ్రామ్, ఉచితం. మెమరీ ఎంత వేగంగా ఇస్తోందో చెబుతుంది. దాని నియమం ప్రకారం ఒక్కో అర్రే సైజు మొత్తం చివరి లెవెల్ క్యాష్‌కి కనీసం నాలుగు రెట్లుండాలి. మనకి 70 ఎంబీ క్యాష్, నాలుగు రెట్లంటే 280 ఎంబీ. 8 కోట్ల ఎలిమెంట్లు పెట్టండి, అర్రేకి 640 ఎంబీ, మూడు అర్రేలు కలిపి 2 జీబీ లోపే ఉంటాయి. అంతకన్నా పెంచితే కంపైల్ చేసేటప్పుడు మెమరీ మోడల్ మీడియం అని అడగాల్సి వస్తుంది, ఎందుకొచ్చిన గొడవ.

జీసీసీతో ఓ3, మార్చ్ నేటివ్, ఓపెన్ఎంపీ ఫ్లాగులతో కంపైల్ చేసి, 28 థ్రెడ్లు, ఓఎంపీ ప్లేసెస్ కోర్స్, ప్రాక్ బైండ్ స్ప్రెడ్ అని పెట్టి నడపండి. లినక్స్‌లో ఏ థ్రెడ్ ఒక పేజీని మొదట రాస్తుందో ఆ థ్రెడ్ ఉన్న నోడ్‌లోనే ఆ పేజీ పడుతుంది, స్ట్రీమ్ దీన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు, మీరు బైండ్ చేయకపోతే ఆ లాభం పోతుంది.

ట్రయాడ్ అన్న వరుస చూడండి. కాగితం మీది 153.6లో 75 నుంచి 85 శాతం వస్తే బాగున్నట్టు. జీసీసీతో ఇంకొంచెం తక్కువ వస్తుంది, కారణం ఉంది: ఒక అర్రేలోకి రాయాలంటే ప్రాసెసర్ ముందు ఆ లైన్‌ని ర్యామ్ నుంచి చదువుతుంది, స్ట్రీమ్ ఆ చదువుని లెక్కలో వేయదు. నాలుగు బదిలీలు జరిగితే మూడింటినే లెక్కపెడుతుంది. ఇంటెల్ కంపైలర్ నాన్ టెంపోరల్ స్టోర్స్ వాడి ఆ అదనపు చదువుని తప్పిస్తుంది. కాబట్టి జీసీసీలో 100 దగ్గర వస్తే కంగారు పడక్కర్లేదు. 60 వస్తే మాత్రం ముందుకి వెళ్లకండి, ర్యామ్ స్లాట్లు, నోడ్ ఇంటర్‌లీవింగ్, బైండింగ్, ఈ వరుసలో చూసుకోండి.

ట్రయాడ్ ప్రతి 24 బైట్లకి 2 లెక్కలు చేస్తుంది. సెకనుకి 120 జీబీ వచ్చినా అది 10 గిగాఫ్లాప్సే. మొదట్లో చెప్పిన 10 ఇదే.

రెండో కొలత: హెచ్‌పీఎల్

ఇది ఇంకో కొస. 1993 నుంచి సూపర్ కంప్యూటర్ల టాప్500 జాబితా తయారయ్యేది పెద్ద సమీకరణాల గుంపుని సాధించే లిన్‌ప్యాక్‌తోనే, దాని పెద్ద మెషీన్ల రూపం హెచ్‌పీఎల్. క్యాష్‌లోకి తెచ్చుకున్న డేటాని పదేపదే వాడుకుంటుంది కాబట్టి మెమరీ మీద భారం తక్కువ, కోర్లు ఉడికిపోతాయి.

సమస్య సైజు ఎన్ ఎంత పెట్టాలి? ర్యామ్‌లో 80 శాతం నిండేలా. 128 జీబీకి లెక్కేస్తే: మొత్తం బైట్లలో 80 శాతం తీసుకుని 8తో భాగించి వర్గమూలం కడితే 1,17,234 వస్తుంది. బ్లాక్ సైజు 192 అనుకుంటే దానికి గుణిజంగా దించి 1,17,120 పెట్టండి. సాకెట్‌కి ఒక ఎంపీఐ ర్యాంక్ (పని పంచుకునే ఒక్కో ప్రాసెస్), ర్యాంక్‌కి 14 థ్రెడ్లు, గ్రిడ్‌లో పీ 1, క్యూ 2. క్లస్టర్ ఆన్ డై వేసి ఉంటే నోడ్‌కి ఒక ర్యాంక్, 7 థ్రెడ్లు, 2 × 2. ర్యాంకులని సాకెట్‌కో నోడ్‌కో బైండ్ చేయడం మర్చిపోవద్దు.

మాట్రిక్స్ లెక్కలు చేసే బ్లాస్ లైబ్రరీ మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఓపెన్‌బ్లాస్ గానీ, బ్లిస్ గానీ, ఇంటెల్ ఎంకేఎల్ గానీ వాడండి. నెట్‌లిబ్ రిఫరెన్స్ బ్లాస్‌తో లింక్ చేస్తే వచ్చే అంకె ఎవరికీ చూపించలేరు.

800 గిగాఫ్లాప్స్ వేగంతో ఈ సైజు సుమారు 22 నిమిషాల్లో అయిపోతుంది. అది నడుస్తున్నంతసేపూ ఇంకో టెర్మినల్‌లో టర్బోస్టాట్ పెట్టుకుని చూస్తుండండి, బిజీ మెగాహెర్ట్జ్, ప్యాకేజ్ వాట్స్ అన్న రెండు వరుసలు చాలు. ఏవీఎక్స్ లెక్కలు గట్టిగా నడిచేటప్పుడు చిప్ తన 120 వాట్ల హద్దులో ఉండడానికి క్లాక్ తగ్గించుకుంటుంది, అది మామూలే. వాట్లు 120కి అంటుకుని క్లాక్ తగ్గితే ఆరోగ్యంగా ఉన్నట్టు. వాట్లు 90 దగ్గరే ఉండి క్లాక్ పడిపోతుంటే అది వేడి, ఏసీ దగ్గరికో హీట్ సింక్ దగ్గరికో వెళ్లండి. ఒక సాకెట్ మాత్రమే పడిపోతుంటే చాలా సర్వర్లలో రెండో చిప్ మొదటి చిప్ వేడిగాలినే పీల్చుకుంటుంది, ఫ్యాన్లు ఫుల్ స్పీడులో పెట్టి చూడండి.

చివర్లో పాస్డ్ అని రావాలి, రెసిడ్యువల్ (జవాబులో మిగిలిన తప్పుకి కొలత) 16 కన్నా తక్కువుండాలి. ఫెయిల్డ్ అని వచ్చి 900 చూపించినా ఆ 900కి విలువ లేదు.

అసలు పరీక్ష: స్పెక్ ఎఫ్‌పీ రేట్

స్పెక్ అన్న సంస్థ తయారు చేసిన పరీక్షల కట్ట స్పెక్ సీపీయూ 2017 డబ్బు పెట్టి కొనాల్సింది, కాలేజీల ద్వారా అడిగితే ధర తక్కువ. ఇందులో ఫ్లోటింగ్ పాయింట్ రేట్ అన్న సూట్‌లో 13 ప్రోగ్రాములుంటాయి. కాపీల సంఖ్యని, రిఫరెన్స్ మెషీన్‌కి పట్టిన టైమ్‌ని మీ టైమ్‌తో భాగించిన దానితో గుణిస్తే ఒక ప్రోగ్రామ్ స్కోర్, అన్నిటికీ జియోమెట్రిక్ మీన్ కడితే మొత్తం స్కోర్. రేట్‌లో ఓపెన్ఎంపీ ఉండదు, ఒక్కో కోర్ మీద ఒక్కో కాపీ విడిగా నడుస్తుంది.

కాపీకి 2 జీబీ ర్యామ్ కావాలి: 28 కాపీలకి 56, హైపర్ థ్రెడింగ్‌తో 56 కాపీలైతే 112. మన 128కి రెండూ పడతాయి. డిస్క్ 250 జీబీ ఖాళీ పెట్టుకోండి, ప్రతి కాపీకీ తన ఫోల్డర్ కావాలి.

ఎగ్జాంపుల్ కాన్ఫిగ్ ఫైళ్లలో జీసీసీది తీసుకుని పేరు మార్చుకోండి, సున్నా నుంచి రాయకండి. జీఫోర్ట్రాన్ 10, ఆ పైన వెర్షన్లలో ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్‌ని అనుమతించే ఫ్లాగ్ అవసరం, ఆ ఫైల్‌లోనే దాని గురించి రాసి ఉంటుంది. సబ్మిట్ అన్న వరుసలో నూమా సీటీఎల్‌ని లోకల్ అలాక్‌తో, ఫిజికల్ సీపీయూ బైండ్‌ని కాపీ నంబర్‌కి ఇచ్చి రాస్తే ప్రతి కాపీ తన కోర్‌కి అతుక్కుని తన నోడ్ ర్యామ్‌నే వాడుతుంది. మొత్తం కాన్ఫిగ్‌లో ఈ ఒక్క వరుస విలువ మిగతా ఫ్లాగులన్నిటికన్నా ఎక్కువ.

ముందు బిల్డ్ మాత్రమే చేయండి. తర్వాత టెస్ట్ సైజ్ (చిన్న ఇన్‌పుట్), ఒక ఇటరేషన్, నాన్ రిపోర్టబుల్ (బయట ప్రకటించడానికి కాదు). అన్నీ వెరిఫై అయితే రెఫ్ సైజ్ (స్కోర్‌కి లెక్కలోకి వచ్చే అసలు ఇన్‌పుట్) ఒకసారి. అది కూడా సాఫీగా పోయాకే రాత్రికి రిపోర్టబుల్ రన్ పెట్టండి, అది టెస్ట్, ట్రెయిన్, రెఫ్ మూడూ నడిపి, మూడు ఇటరేషన్లలో మధ్యది తీసుకుంటుంది. రెండే పెడితే నెమ్మదైనది తీసుకుంటుంది. రిపోర్టబుల్ కాని అంకెని బయట ఎక్కడైనా చెబితే అంచనా అని రాయాలని స్పెక్ నియమం.

ఫలితం వచ్చాక మొత్తం స్కోర్‌ని పక్కన పెట్టి 13 వరుసలూ విడిగా చూడండి. అదే పరీక్షని 7, 14, 28 కాపీలతో నడిపి పోలిస్తే గుంపులు తేలిపోతాయి. పోవ్‌రే, ఎన్ఏఎమ్‌డీ, ఇమేజిక్, నాబ్ లాంటివి కోర్లు పెంచుతుంటే పెరుగుతూనే పోతాయి, ఇవి హెచ్‌పీఎల్ వైపువి. ఎల్‌బీఎమ్, బీవేవ్స్, ఫోటోనిక్3డీ, రోమ్స్ కొంతదూరం వెళ్లి ఆగిపోతాయి, ఇవి స్ట్రీమ్ వైపువి. మొదట లెక్కేసిన 7కి అటూ ఇటూ ఉన్నవాళ్లే వీళ్లు. స్ట్రీమ్ అంకె బాగుండి రెండో గుంపు తక్కువొస్తే సబ్మిట్ వరుస చూడండి. మొదటి గుంపు తక్కువొస్తే క్లాక్, కంపైలర్ ఫ్లాగులు చూడండి.

ఇప్పుడు హైపర్ థ్రెడింగ్ ఆన్ చేసి 56 కాపీలతో మళ్లీ నడపండి. మొదటి గుంపులో పెరుగుతుంది, రెండో గుంపులో పెరగదు, కొన్ని తగ్గుతాయి కూడా, ఎందుకంటే అదే క్యాష్‌ని ఇద్దరు పంచుకుంటారు. బేస్ రన్‌లో అన్నిటికీ ఒకటే కాపీల సంఖ్య ఉండాలి, పీక్‌లో ప్రోగ్రామ్‌కి తగ్గట్టు మార్చుకోవచ్చు. నా మట్టుకు నేను బేస్‌నే నమ్ముతాను, పీక్ అంతా పోటీ కోసం చేసే కసరత్తు.

స్పెక్ కొనలేని వాళ్లకి

స్ట్రీమ్, హెచ్‌పీఎల్ రెండు కొసలూ ఉచితంగా చూపిస్తాయి, మధ్యలో ఏముందో తెలియాలంటే నాసా వాళ్ల ఎన్ఏఎస్ ప్యారలల్ బెంచ్‌మార్క్స్ గానీ, హెచ్‌పీసీజీ గానీ నడపండి. హెచ్‌పీసీజీలో గరిష్టంలో కొద్ది శాతమే వస్తే మెషీన్ పాడైందనుకోకండి, టాప్500లో ఉన్న పెద్ద మెషీన్లకీ అంతే.

ఇంకో దారి ఉంది, నాకు నచ్చేది. స్పెక్ సూట్‌లో ఉన్న 521 నంబర్ ప్రోగ్రామ్ డబ్ల్యూఆర్ఎఫ్ అన్న వాతావరణ మోడలే, దాని అసలు రూపం ఉచితంగా దొరుకుతుంది. 2013 అక్టోబర్‌లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌నో, 2018 అక్టోబర్‌లో పలాస వైపు వచ్చి గజపతి జిల్లాని ముంచిన తిత్లీనో డొమైన్‌గా పెట్టుకుని, 24 గంటల సిమ్యులేషన్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో కొలవండి. బయోస్‌లో ఒక్కో మార్పు చేసినప్పుడల్లా అదే ఇన్‌పుట్, అదే బైనరీ, ఒకసారికి ఒకటే మార్పు. పక్కనే ఒక ఫైల్‌లో తేదీ, బయోస్ వెర్షన్, కెర్నల్, కంపైలర్ వెర్షన్, ఫ్లాగులు, ర్యామ్ కాన్ఫిగర్డ్ స్పీడు, ఇన్‌లెట్ టెంపరేచర్, ఏసీ ఎంతలో ఉందో రాసి పెట్టుకోండి. జనవరిలో వచ్చిన అంకె మేలో ఎందుకు రాలేదని అడిగినప్పుడు చూడాల్సింది ఆ చివరి రెండు వరుసలే.